మామ్మ సాక్ష్యం చెప్పిన సాయంత్రం

పోయిన ఆదివారం పేపరు అనుబంధంలో ఒక ఫొటో వేశారు. ఎక్కడో దూరదేశంలో, లాటిన్ అమెరికా నుంచి తరాల కిందట వలస వచ్చిన కుటుంబాలవాళ్ళు సాయంత్రం వేళ పార్కులో చేరి, తమ పెద్దల కథలు తమ భాషలో తామే చెప్పుకున్నారట. చెట్ల మధ్య దండలుగా దీపాలు, గడ్డిమీద దుప్పట్లు పరుచుకుని కూర్చున్న పిల్లలు, మైకు ముందు ఒక ముసలావిడ. కళ్ళజోడు సవరించుకుని ఆవిడ ముఖం చూశాను, పిల్లల ముఖాలు చూశాను, ఆ తరవాత ఎందుకో నా చూపు ఫొటో అంచుకు, దీపాల వెలుగు అందని చోటికి పోయి, అక్కడ ఎవరైనా నిలబడి ఉన్నారా అని వెతికింది. ఎవరూ లేరు. నా వయసువాళ్ళలో, ముఖ్యంగా మా కోనసీమ పేటల్లో పెరిగినవాళ్ళలో, నేనెందుకు వెతికానో చెప్పకుండానే తెలిసేవాళ్ళు కొందరైనా ఉంటారు. వాళ్ళకోసమే ఇది రాస్తున్నాను.

మాది రాజోలు తాలూకాలో, వసిష్ఠ గోదావరి ఏటిగట్టును ఆనుకుని ఉన్న పేట. తాటాకు ఇళ్ళు, నడుమ పెంకులు నేసిన ప్రార్థన మందిరం, దాని ముందు ఇసక పోసిన వాకిలి. ఏటా ఈస్టరు వెళ్ళిన శనివారం, దీపాలు పెట్టే వేళకి, ఆ వాకిట్లో పెద్దల కూడిక జరిగేది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, నాకు ఊహ తెలిసేటప్పటికే అది ఉంది. మామూలు కూడికల్లో బైబిలు కథలు చెప్పుకునేవాళ్ళం, ఈ ఒక్క సాయంత్రం మాత్రం మా కథలు చెప్పుకునేవాళ్ళం. ఇంటికొక పెద్ద లేచి నిలబడి, తమ ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మిషను దొరసాని బళ్ళో మొదట అక్షరాలు దిద్దిన వాళ్ళ తాత సంగతి ఒకరు, మందిరానికి వాసాలు రేవు నుంచి నెత్తిన మోసుకొచ్చిన ఆడవాళ్ళ సంగతి ఒకరు, చెప్పులు తొడుక్కుని పెద్దవీధిలో నడిచిన మొట్టమొదటి మనిషి ఆ వీధి చివరికి చేరేసరికి ఏమయిందో ఒకరు చెప్పేవారు. నవ్వేచోట నవ్వి, నవ్వకూడని చోట తలలు వంచుకుని, తెలిసిన కథే అయినా ఒక్క మాట జారిపోకుండా వినేవాళ్ళం. దాన్ని కథ అనేవాళ్ళం కాదు, సాక్ష్యం అనేవాళ్ళం. ఫలానా ఇంటివారి సాక్ష్యం అయింది, ఇక ఫలానావారు లేవండి, అని పిలిచేవారు.

అందరి తరవాత, చిట్టచివర, మా నాన్నగారి తల్లి లేచేది. ఆవిడను మేము మామ్మ అనేవాళ్ళం, క్రమంగా పేటంతటికీ ఆవిడ మామ్మే అయింది. ఆవిడ చెప్పేది లంక కథ. ఆవిడ పదిహేనేళ్ళ కొత్తకోడలుగా వచ్చిన రోజుల్లో, ఏటి మధ్య కొత్తగా మేటవేసిన లంకమీద మనిషి ఎత్తున రెల్లు ఉండేదట. మా పేటలోని పదకొండు ఇళ్ళవాళ్ళు ఆ రెల్లు కొట్టి, మొదళ్ళు తవ్వి, మూడేళ్ళు చాకిరీ చేసి దాన్ని పొగాకు పండే నేల చేశారట. పంట చేతికొచ్చాక, ఊళ్ళో పెద్దింటివారు లంక తమదేనన్నారు. తక్కినవాళ్ళు భయపడి వెనక్కి తగ్గినా, మా తాతగారి అన్న, అంటే మామ్మకు బావగారు, తగ్గలేదు. ఒకరోజు పెద్దింటి పెద్దాయన తానే రేవులోకి వచ్చి, లంకమీదకు పోయి హద్దులు మాట్లాడుకుందాం రమ్మని ఆయన్ని పడవ ఎక్కించుకున్నాడు. రేవులో గిన్నెలు తోముకుంటున్న మామ్మ చూసింది. పడవలో ముగ్గురు వెళ్ళారు, పెద్దాయన, మా పెదతాత, పడవవాడు. గంట తరవాత పడవ తిరిగొచ్చింది. అందులో ఇద్దరే ఉన్నారు.

ఇక్కడికి వచ్చేసరికి మామ్మ గొంతు మారేది కాదు. పప్పులో ఉప్పు ఎంత వేశానో చెప్పినంత మామూలుగా చెప్పేది. "మిట్టమధ్యాన్నం అండీ. నా నీడ నా కాళ్ళకిందే ఉంది. పెద్దాయన గొడుగు ముడిచి పడవ దిగేరు. నన్ను చూసేరు. ఎండగా ఉంది, ఇంటికి పోమ్మా, అన్నారు. నేను గిన్నెలు తీసుకుని వచ్చేసేను. ఇదండీ మా ఇంటి సాక్ష్యం." అని కూర్చునేది. పెద్దాయన పేరు ఇంటిపేరుతో సహా చెప్పేది. ఏట్లో కలిసిపోయిన బావగారి పేరూ అలాగే చెప్పేది. అంతే. అందులో ఏడుపు లేదు, శాపనార్థాలు లేవు. ఆ తరవాత గట్టుకవతల ఏటి చప్పుడు వినిపించేది.

అన్నేళ్ళూ ఆ కథ మా వాకిలి దాటి బయటికి పోలేదు. డెబ్బైల చివర్లో ఒక ఏడు, అది బయటికి పోయే అవసరం వచ్చింది. లంకభూముల్లో మొదట సాగుచేసినవాళ్ళు ఎవరో తేల్చి పట్టాలు ఇస్తారని కబురు రాగానే, మా బాబాయి పదకొండు ఇళ్ళ తరఫున అర్జీ పెట్టాడు. బాబాయి ఎలిమెంటరీ స్కూలు మాస్టరు, నాన్నగారు పోయాక నన్ను చదివించింది ఆయనే. విచారణకు వచ్చిన రెవెన్యూ అధికారి చిన్నవయసువాడు, మర్యాదస్తుడు. కాగితాలన్నీ పెద్దింటివారి పేరనే ఉన్నాయనీ, కాగితాలకు ఎదురు నిలబడాలంటే లంక సాగుచేసినవాళ్ళ చేతుల్లోంచి ఎలా పోయిందో కళ్ళతో చూసిన మనిషి నలుగురిలో చెప్పాలనీ, అలా చెబితే తాను రాసుకుంటాననీ అన్నాడు. చూసినవాళ్ళలో అప్పటికి మిగిలింది మామ్మ ఒక్కతే. ఈస్టరు వెళ్ళిన శనివారం కూడికకు దయచేయమని బాబాయి ఆయన్ని పిలిచాడు. ఆయన వస్తానన్నాడు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. మా ఊరి బళ్ళోనే టీచరుగా చేరి ఏడాదిన్నర, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అమ్మా, మామ్మా, నేనూ, ఇంకా పెళ్ళికాని బాబాయీ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం.

కూడిక పది రోజులుందనగా పెద్దింటి గుమస్తాగారు మా ఇంటికి వచ్చారు. ఆయన మా వాకిట్లో కాలుపెట్టడం అదే మొదటిసారి. మా పేటలో ముసలీముతకనైనా పేరుపెట్టి పిలిచే మనిషి, ఆరోజు మామ్మను చూసి చేతులు కట్టుకున్నంత పని చేశారు.

"బాగున్నారాండీ మామ్మగారూ," అన్నారు.

మామ్మ చేట పక్కన పెట్టి, ఏమిటి సంగతి అన్నట్టు చూసింది.

"ఏం లేదండీ. కూడిక పెట్టుకుంటున్నారంట కదండీ. పెట్టుకోండి, ఎవరొద్దన్నారు. దేవుడి కథలు చెప్పుకోండి, మీ పాటలు పాడుకోండి. లంక సంగతొక్కటీ వద్దని ప్రెసిడెంటుగారు చెప్పి రమ్మన్నారండీ. నాన్నగారు మంచంలో ఉన్నారు కదండీ, ఈ వయసులో ఆయన మనసు కష్టపెట్టడం దేనికని. అంతేనండీ. ఆయ్, వెళ్ళొస్తానండీ."

ప్రెసిడెంటుగారంటే ఆ పెద్దాయన కొడుకు, సమితి ప్రెసిడెంటు. గుమస్తాగారు ఒక్క మాట గట్టిగా అనలేదు. అయినా ఆయన గట్టెక్కి కనుమరుగయ్యేదాకా అమ్మ గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన అరిచి ఉంటే మాకు అంత భయం వేసేది కాదు. 'మామ్మగారూ' అన్నందుకు వేసింది.

మర్నాటి నుంచి చిన్నచిన్నవి మొదలయ్యాయి. దేనికదే విడిగా చూస్తే ఏమీ లేదు. కొబ్బరి దింపుకు, కాయ ఒలుపుకు మా పేట మగవాళ్ళనే పిలిచేవారు, ఆ వారం పిలుపు రాలేదు. పొద్దున్నే కత్తులు నూరుకుని గట్టుమీద ఎదురుచూసి ఎండెక్కాక ఇళ్ళకు తిరిగొచ్చేవారు. పెట్రోమాక్స్ దీపాలు అద్దెకిచ్చే కొట్టతను ఏటా రెండు దీపాలు ఇచ్చేవాడు, ఆ ఏడు మాంటిళ్ళు అయిపోయాయండీ, ఏమనుకోకండీ, అన్నాడు. అతని వెనకాల మేకుకు నాలుగు కొత్త మాంటిళ్ళ పొట్లాలు వేలాడుతూనే ఉన్నాయి. మా కుక్క ఒకరోజు అన్నానికి రాలేదు, మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

తరవాత బాబాయి సైకిలు పోయింది. రాత్రి అరుగుకు ఆనించింది తెల్లారేసరికి లేదు. పేటంతా వెతికి, బాబాయి ఏదో తోచినట్టు రేవుకు పోయి చూస్తే, నీటి అంచున స్టాండు వేసి నిలబెట్టి ఉంది. గీత పడలేదు, గాలి తీయలేదు. పైగా ఎవరో శుభ్రంగా కడిగి, తుడిచి, ఇంట్లో చిలక్కొయ్యకు ఉండాల్సిన బాబాయి గొడుగును హ్యాండిలుకు తగిలించారు. మామ్మ గిన్నెలు తోముకుంటూ చూసిన రేవు అదే. బాబాయి సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వచ్చి, బడికి వెళ్ళిపోయాడు. గొడుగు ఇంట్లోంచి ఎలా బయటికి వెళ్ళిందని అమ్మ అడుగుతూనే ఉంది. ఆ రాత్రి నుంచి అమ్మ తలుపుకు అడ్డంగా రుబ్బురోలు దొర్లించి పడుకునేది.

శుక్రవారం గుమస్తాగారు మా బడికి వచ్చారు. పిల్లల చేత లెక్కలు చేయిస్తున్నాను. ఆయన గుమ్మం బయటే నిలబడి, "టీచరుగారూ, మీ పర్మనెంటు కాగితం సమితి ఆఫీసు నుంచి వచ్చిందండీ. ప్రెసిడెంటుగారి బల్లమీదే ఉంది. సంతకం ఒక్కటే బాకీ. సోమవారం చూద్దామన్నారు," అన్నారు. పిల్లలందరినీ ఓసారి చూసి, "బాగా చెబుతున్నారండీ పాఠం," అని వెళ్ళిపోయారు.

ఆ తరవాత జరిగింది నేను ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, బాబాయికి కూడా. శనివారం మధ్యాహ్నం మామ్మ తలంటుకుని, తెల్లచీర కట్టుకుని, పెరట్లో జుట్టు ఆరబెట్టుకుంటూ కూర్చుంది. నేను వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర చతికిలబడ్డాను. ఆ పడవలో ఎవరున్నారో చెప్పొద్దు మామ్మా అన్నాను. బాబాయిని బతకనివ్వరు, సైకిలు ఎక్కడ పెట్టారో చూశావు కదా అన్నాను. అది అబద్ధం కాదు, ఆ భయం నిజంగానే ఉంది. కానీ ఆ మాట అంటున్నప్పుడు నా కళ్ళముందున్నది బాబాయి సైకిలు కాదు, ప్రెసిడెంటుగారి బల్లమీద సంతకం లేని కాగితం. మామ్మ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆవిడకు రెండూ కనిపించాయని నా నమ్మకం. "దువ్వెన తేమ్మా," అంది. తెచ్చి ఇచ్చాను.

పెట్రోమాక్సు లేకపోయినా కూడిక జరిగింది. ఇంటికో లాంతరు చొప్పున తెచ్చి వాకిటి చుట్టూ పెట్టారు. ఆ వెలుగు మోకాళ్ళ దాకానే పడేది, ఎవరు మాట్లాడుతున్నారో గొంతునుబట్టి పోల్చుకోవలసి వచ్చింది. అధికారి వచ్చి, మందిరం నుంచి తెచ్చి వేసిన కుర్చీలో కూర్చుని, ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకున్నాడు. పాట పాడి ప్రార్థన చేసుకున్నాం. మొదటి ఇంటివారు లేచి సాక్ష్యం మొదలుపెట్టారో లేదో, ఏటిగట్టుమీద ఒక చుట్ట వెలిగింది. తరవాత ఇంకొకటి. కాసేపటికి ఎనిమిదో తొమ్మిదో ఎర్రటి చుక్కలు వరసగా నిలబడ్డాయి. వాళ్ళు దిగి రాలేదు, అరవలేదు, రాయి వేయలేదు. నిలబడి వింటున్నారు, అంతే. తల్లులు పిల్లలను ఒళ్ళోకి లాక్కున్నారు. చెప్పుల కథ చెప్పే ఆయన నవ్వించేచోట ఆగాడు, ఎవరూ నవ్వలేదు, ఆయన తక్కినది రెండు మాటల్లో ముగించి కూర్చున్నాడు.

బాబాయి లేచి, గొంతు సవరించుకుని, "ఇక మా ఇంటి సాక్ష్యం. అమ్మా, లే," అన్నాడు.

మామ్మ లేచింది. రెల్లు కొట్టిన సంగతి చెప్పింది, పదకొండు ఇళ్ళవాళ్ళ పేర్లూ వరసగా చెప్పింది. అధికారి రాసుకుంటున్న చప్పుడు నాకు వినబడుతోంది. పెద్దాయన రేవుకు వచ్చాడని గానీ, ఎవరో రమ్మన్నారని గానీ అనకుండా, బావగారు పడవ ఎక్కారని మాత్రం చెప్పింది. ఆ మాటకే బాబాయి తలెత్తాడు. మామ్మ ఆగింది. గట్టువైపు చూడలేదు. ఆడవాళ్ళ వరసలో కూర్చున్న నావైపు తిరిగింది. ఆ వెలుగులో ఆవిడ ముఖం నాకు సరిగా కనిపించలేదు, నా ముఖం ఆవిడకు కనిపించి ఉంటుందనీ అనుకోను.

"అప్పటికి చీకటిపడిపోయిందండీ," అంది. "పడవలో ఎవరున్నారో కనపళ్ళేదు. బావగారు మటుకు తిరిగి రాలేదు. ఇదండీ మా ఇంటి సాక్ష్యం."

కూర్చుంది. ఆ వాకిట్లో నూటయాభైమందికి పైగా ఉన్నాం, అది మిట్టమధ్యాహ్నం అని చంటిపిల్లలు తప్ప అందరికీ తెలుసు. ఒక్కరూ నోరు మెదపలేదు. అధికారి కాస్త ముందుకు వంగి, "ఎవరినీ చూడలేదాండీ? బాగా గుర్తుచేసుకోండి," అన్నాడు. మామ్మ లేదండీ అంది. బాబాయి నిలబడే ఉన్నాడు, నోరు తెరిచాడు, వాళ్ళమ్మవైపు చూసి మూసుకున్నాడు. అధికారి కలం మూత పెట్టాడు.

గట్టుమీద చుట్టలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. వాళ్ళలోంచి గుమస్తాగారు ఒక్కరే దిగి వెలుగులోకి వచ్చి, మామ్మ ముందు కాస్త వంగి, "చాలా బాగా చెప్పేరండీ మామ్మగారూ," అని, అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

సోమవారం నా కాగితంమీద సంతకం అయింది. ఆ మంగళవారం నుంచి దింపుకు పిలుపులు వచ్చాయి. వానాకాలం మొదలవకముందే లంక పెద్దింటివారిదేనని తేలిపోయింది. పదకొండు ఇళ్ళవాళ్ళలో ఎవరూ మామ్మను పల్లెత్తు మాట అనలేదు. ఎవరి భయాలు వాళ్ళకు ఉన్నాయి, బహుశా ఊపిరి పీల్చుకున్నవాళ్ళు కూడా ఉండవచ్చు. బాబాయి మాత్రం ఒకే ఒక్కసారి, అన్నం తింటూ, "అది మధ్యాన్నం కదమ్మా," అన్నాడు. "పెద్దదాన్నయ్యేనురా, గురుతుండట్లేదు," అంది మామ్మ. బాబాయి కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. ఆ ఏడాదే బదిలీ అడిగి సఖినేటిపల్లి దగ్గర బడికి వెళ్ళిపోయాడు. మరుసటి ఈస్టరుకు కూడిక జరగలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ పెడదామనీ అనలేదు.

తరవాత నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. ఎనభైల నడుమ మామ్మను నా దగ్గరకు తెచ్చుకున్నాను. అప్పటికి ఆవిడ మాట ఒకచోట మొదలై ఇంకొకచోట తేలుతుండేది. ఒక సాయంత్రం మా పెద్దమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, లంక కథ చెబుతోంది. నేను వంటింట్లో పని ఆపి విన్నాను. రెల్లు వచ్చింది, పొగాకు వచ్చింది, పడవ వచ్చింది. "చీకటిగా ఉందమ్మా," అంది మామ్మ, "ఎవరో ఏమో, కనపళ్ళేదు."

నేను చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. కాదు మామ్మా, మిట్టమధ్యాహ్నం, నీ నీడ నీ కాళ్ళకిందే ఉంది, పెద్దాయన గొడుగు ముడిచి దిగాడు, ఎండగా ఉంది ఇంటికి పోమ్మా అన్నాడు, అని ఆవిడ కథ ఆవిడకే పొల్లుపోకుండా ఒప్పజెప్పాను. ఆవిడ చాలా శ్రద్ధగా వింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. నిజంగా తెలుసుకుందామన్నట్టే అడిగింది.

"నువ్వు చూసేవా?"

చూడలేదన్నాను. "మరి," అని, పిల్లవైపు తిరిగి, ఆపినచోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఆ ఏడు చలికాలంలో పోయింది.

ఆ తరవాత వచ్చిన వరదల్లో లంక సగానికి పైగా కోసుకుపోయింది, మిగిలినదానిమీద ఎవరూ పెద్దగా సాగు చేయడం లేదు. పెద్దింటివారు అమ్మకాలు చేసుకుని పట్నాలకు వెళ్ళిపోయారు, వాళ్ళ మేడలో ఇప్పుడు ఎరువుల గోడౌను నడుస్తోంది. మా పేటలో తాటాకు ఇల్లు ఒక్కటీ లేదు. టీచర్లు, బ్యాంకు ఉద్యోగస్తులు, ఇద్దరు డాక్టర్లు, గట్టుమీద సాయంత్రం వాకింగుకు వెళ్ళే రిటైరయినవాళ్ళు. ఏ కథ చెప్పొద్దని మా వాకిట్లోకి వచ్చి చెప్పగల మనిషి ఈ చుట్టుపక్కల ఎక్కడా లేడు.

కిందటేడు మందిరం కొత్తగా కట్టి ప్రతిష్ఠ చేసినప్పుడు, సంచిక వేస్తున్నాం, పేట పాత సంగతులు ఏవైనా రాసివ్వండి ఆంటీ, అని కుర్రాళ్ళు అడిగారు. నెల్లాళ్ళు కూర్చుని పన్నెండు పేజీలు రాశాను. పెద్దాయన పేరూ, పెదతాత పేరూ రాశాను, మిట్టమధ్యాహ్నం అని రాశాను, నేను మామ్మ కాళ్ళ దగ్గర కూర్చుని అడిగినది తప్ప అన్నీ రాశాను. సంచిక చేతికొచ్చాక చూస్తే ఒకటిన్నర పేజీ ఉంది. రెల్లు కొట్టడం ఉంది, పదకొండు ఇళ్ళు ఉన్నాయి, మందిరానికి వాసాలు మోసిన ఆడవాళ్ళు ఉన్నారు. రేవు లేదు, పడవ లేదు. ఎందుకు తీసేశారని అడిగితే సంచిక పని చూసిన అబ్బాయి నొచ్చుకున్నాడు, చాలా మంచి పిల్లవాడు.

"ఏం లేదండీ ఆంటీ, ప్రకటనలు ఎక్కువొచ్చేయండీ. చోటు చాలక తగ్గించేం," అన్నాడు.

అతను చెప్పింది నిజమే. ఎవరికీ భయపడి కాదు, ఎవరూ వద్దని కాదు. పరవాలేదు నాయనా అన్నాను. ఇంటికి వచ్చి చాలాసేపు ఆ సంచిక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఒక పేరు బయటికి వస్తుందేమోనని అంతమంది మగవాళ్ళు పనులు మానుకుని గట్టుమీద నిలబడి, ఒక్క మాట పోకుండా విన్న రోజులు ఉండేవి. మళ్ళీ అలాంటి రోజులు రావాలని నేను కోరుకోను. కానీ అంత శ్రద్ధగా మా కథ విన్నవాళ్ళు ఆ తరవాత మరెవరూ లేరు.